మాస్టారి గిటారు ఎప్పుడూ వదులే

అక్క ఎందుకు లేచి వెళ్ళిపోయిందో వెస్లీకి ఎంత ఆలోచించినా బోధపడలేదు.

పాట బాగాలేదా అంటే, విన్నవాళ్ళంతా బాగుందన్నారు. ఆ పాట ఇష్టం లేదా అంటే, అది అక్క పాటే. వాడు ఉయ్యాల్లో ఉన్ననాడు అక్క తనంత తాను కట్టి పాడిన పాట. అలాంటిది, మొదలై ఒక వరస పూర్తికాకముందే అన్నం కంచం పక్కన పెట్టేసి, పెరట్లోకి వెళ్ళి, పంపు తిప్పుకుని గిన్నెలు తోముతూ కూర్చుంది. ఇంటినిండా చుట్టాలున్న వేళ, భోజనాల మధ్యలో, ఎవరైనా గిన్నెలు తోముతారా?

ముందు ఈ వెస్లీ ఎవరో చెప్పాలి. బందరు మనిషి. చిలకలపూడిలో గిల్టు నగలకు రాళ్ళు అతికే పని. ఆదివారం వస్తే చర్చిలో గిటారు. దేవుడు వాడికి మంచి చెవి ఇచ్చాడు. ఆ చెవి మీద వాడికి కొంచెం గర్వం. కొంచెమేమిటి లెండి, బోలెడు. క్వయర్‌లో ఎవరి గొంతైనా వెంట్రుకవాసి దిగిందంటే చాలు, పాట మధ్యలోనే తలెత్తి అటు చూసేవాడు. పాస్టరుగారు సైతం పాట అందుకునే ముందు వీడి వైపు ఒక చూపు చూసి గొంతు సవరించుకునేవారు.

"శ్రుతి అంటే శ్రుతే. అందులో మొహమాటాలేం ఉండవు" అనేవాడు.

అటువంటివాడికి ఆ ఏడు ఒక కోరిక పుట్టింది. తనవాళ్ళ కోసం గిటారు మీద ఒక ఆల్బమ్ చెయ్యాలి. స్టూడియో అక్కర్లేదు, ఇంట్లోనే. ఒక్కొక్కరికి ఒక్కో పాట. పేరు కూడా పెట్టేశాడు, 'నావాళ్ళకి' అని.

పడగ్గది కిటికీలకు బొంతలు కట్టాడు. మైకు ఒకటి తెచ్చి సెల్‌ఫోనుకు తగిలించాడు. బందరు ఉక్కలో ఫ్యాను ఆపుకుని, బనీను తడిసి ముద్దయ్యేలా కూర్చుని వాయించాడు. భార్య కెజియా తలుపు సందులోంచి మజ్జిగ గ్లాసు అందిస్తే తాగి మళ్ళీ తలుపేసుకునేవాడు.

పోయిన అమ్మకి ఒక పాట. కెజియాకి ఒకటి, అది ఆవిడ కోపంలో గిన్నెలు సర్దే తాళంలో. పదిసార్లు తంతేగాని కదలని స్కూటరున్న బావకి ఒకటి, అందులో గిటారు కూడా నాలుగుసార్లు ఆగి ఆగి మొదలవుతుంది. చిన్నప్పుడు గిటారు చేతికిచ్చి నేర్పిన కృపానందం మాస్టారికి ఒకటి. అది మాస్టారు వయసులో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళలో వాయించి జనాన్ని కుర్చీల మీంచి లేపిన వరసే, గుర్రంలా దౌడు తీస్తుంది.

అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా ఇష్టంగా, సలోమక్కకి ఒకటి.

అమ్మ పోయేనాటికి వెస్లీ ఇంకా పాలు మరవలేదు. అక్కకు పదహారేళ్ళు. నాన్న ఉన్నా లేనట్టే. వీడిని ఉయ్యాల్లో వేసి, చేతిలో పుస్తకం, కాలితో ఊపు, నోటితో పాట.

*ఉప్పుగాలీ ఊపవే, మా తమ్ముణ్ణి ఊపవే...*

రెండో 'ఊపవే' దగ్గర అక్క గొంతు ఒక్కసారిగా పైకి లేచేది. అక్కడికొచ్చేసరికి వీడు కళ్ళు మూసేవాడట. పెద్దయ్యాక చర్చిలో అక్క పాడుతుంటే కూడా ఆ పై మెట్టు కోసం వెస్లీ కాచుకుని ఉండేవాడు.

రెండేళ్ళ కిందట అక్క గొంతు దగ్గర గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు. లేదు కూడా. మాట వచ్చింది, పాట రాలేదు. పాడమంటే "నా గొంతు పోయిందర్రా" అని నవ్వేసేది. క్వయర్ మానేసి వెనక బెంచీకి మారిపోయింది. అందరూ పాడుతుంటే పుస్తకం తెరిచి పెట్టుకుని చూస్తూ నిలబడేది.

వెస్లీ ఆ వెనక బెంచీ వైపు చూడలేక గిటారు మీదికి తల వంచుకునేవాడు. గొంతు పోలేదు, మనసు డీలా పడిందంతే అని వాడి నమ్మకం. పాత పాట వినిపిస్తే అక్క మళ్ళీ పాడుతుంది. అందుకే పాతికేళ్ళనాటి శ్రుతి గుర్తు తెచ్చుకుని, ఒక్క వెంట్రుక అటూ ఇటూ కాకుండా పట్టి, ఆ పై మెట్టు దగ్గర తీగ ఘల్లుమనేలా వాయించాడు. నిజం చెప్పాలంటే ఆల్బమ్ మొత్తం ఆ ఒక్క పాట కోసమే.

ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాడు. ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర స్పీకరు పెట్టి వినిపించాడు. స్కూటరు పాటకు బావ ఈల వేశాడు. కెజియా "నేనంత గట్టిగా సర్దుతానా!" అని నవ్వింది. అమ్మ పాటకు పెద్దవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఒంట్లో బాగాలేదని మాస్టారు రాలేదు. ఆఖర్న అక్క పాట వచ్చింది. అప్పుడే అక్క లేచి వెళ్ళిపోయింది.

"ఏంటక్కా, నచ్చలేదా?" అని పంపు దగ్గరికెళ్ళి అడిగాడు.

"బాగుందిరా. చాలా బాగుంది" అంది అక్క, చేతిలో గిన్నె వదలకుండా, మొహం తిప్పకుండా.

ఆ మర్నాడు వెళ్ళి చూస్తే, వాడు రంగు కాగితం చుట్టి ఇచ్చిన పెన్‌డ్రైవ్ అక్క ఇంట్లో ఫ్రిజ్ మీద అలాగే ఉంది. కాగితం కూడా విప్పలేదు.

వెస్లీ బుర్ర గోక్కున్నాడు. రికార్డింగులో గరగర ఉందేమోనని మళ్ళీ బొంతలు కట్టాడు, మళ్ళీ వాయించాడు. ఈసారి ఆ పై మెట్టు ఇంకా ఖంగుమంది. అక్కకు వినిపించబోతే, "పాలు పొంగుతున్నాయిరా" అంటూ లోపలికెళ్ళింది. పొయ్యి మీద పాలే లేవు.

"నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా కెజియా?"

"ఏమోనండీ" అంది కెజియా. "ఆరోజు నేను వదిన ఎదురుగానే కూర్చున్నా. పాట మొదలవగానే వదిన పెదాలు కదిలాయి. ఆ తర్వాతే లేచింది."

దాంతో వాడికి ఉన్న మతి కూడా పోయింది. పెదాలు కదిలాయంటే పాట నచ్చినట్టేగా? నచ్చితే లేవడమేమిటి? నచ్చినదాన్ని ఫ్రిజ్ మీద పడెయ్యడమేమిటి? రెండు రోజులు రాళ్ళు వంకరగా అతికి షాపులో చీవాట్లు తిన్నాడు. మూడోనాడు పని మానేసి, కోనేరు సెంటర్లో లడ్డూ పొట్లం కట్టించుకుని, గిటారు భుజాన వేసుకుని మాస్టారి దగ్గరికి బయల్దేరాడు.

కృపానందం మాస్టారిది రేవుకు పోయే దారిలో చిన్న పెంకుటిల్లు. ఊళ్ళో సగం చర్చిల్లో గిటారు పట్టినవాళ్ళంతా ఆయన చేతికింద నేర్చుకున్నవాళ్ళే. ఇప్పుడు వయసు మీదపడింది. పడక్కుర్చీలో కూర్చుని, ఎడం చేతి మీద కండువా కప్పుకుని, నోటితోనే పాఠం చెబుతారు. "మీరొకసారి వాయించి చూపించండి మాస్టారూ" అంటే, "నువ్వు వాయించు, నేను వింటా" అంటారు. పెద్దాయన కదా, ఓపిక లేదులే అనుకునేవాడు వెస్లీ.

ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా వెస్లీ తప్పకుండా చేసే పని ఒకటుంది. గోడకున్న మాస్టారి గిటారు దించి, జేబులోంచి శ్రుతి చూసే చిన్న క్లిప్పు తీసి దాని తలకు తగిలించి, పచ్చలైటు వెలిగేదాకా తీగలు బిగించడం. ఎప్పుడు చూసినా ఆ గిటారు వదులుగానే ఉండేది. వాడు బిగించి వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చేసరికి దిగిపోయి ఉండేది. ఉప్పుగాలి అనుకున్నాడు. మరలు అరిగాయనుకున్నాడు. పోయిన క్రిస్మసుకు కొత్త మరలు కొనుక్కొచ్చి తానే బిగించాడు. అయినా దిగిపోయింది.

"మాస్టారూ, ఈ గిటారు మీకంటే ముందే ముసలిదైపోయిందండీ" అని ఆటపట్టించేవాడు.

మాస్టారు నవ్వి ఊరుకునేవారు.

ఆరోజు మాత్రం గోడ వైపు కూడా చూడలేదు. లడ్డూ పొట్లం బల్ల మీద పెట్టి, నేల మీద చతికిలబడి, ఫోనులో ఆల్బమ్ పెట్టాడు. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. తన పాట వచ్చినప్పుడు చిన్నగా నవ్వారు. సలోమి పాట వచ్చినప్పుడు కళ్ళు తెరిచి, అయిపోయేదాకా వాకిలి వైపు చూస్తూ ఉన్నారు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"నీ చెయ్యి బాగా పడింది."

"మరి అక్క ఎందుకు లేచి వెళ్ళిపోయిందంటారు?" అంటూ వెస్లీ మొత్తం కక్కేశాడు. గిన్నెలు, ఫ్రిజ్, లేని పాలు, కెజియా చూసిన పెదాలు. "నా తప్పేం లేదు మాస్టారూ. అదే పాట, అదే శ్రుతి. చెవి పెట్టి విన్నారుగా. అయినా నా మొహం కూడా చూడ్డం లేదు. అక్క నాతో అలా ఉంటే నాకు అన్నం సయించడం లేదండీ."

మాస్టారు అంతా విన్నారు. తర్వాత అన్నది ఇదీ.

"నా గిటారు శ్రుతి చేశావా?"

"ఇంకా లేదండి."

"చెయ్యి."

వెస్లీ తెల్లబోయాడు. తానడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి? అయినా గురువుగారి మాట. లేచి గిటారు దించాడు. ఎప్పట్లాగే వదులు. క్లిప్పు తగిలించి తీగలన్నీ బిగించాడు. చివరి తీగకు పచ్చలైటు వెలగగానే అలవాటుగా ఒకసారి మీటి చూసుకుని, "ఇదిగోండి మాస్టారూ, కడిగిన ముత్యంలా ఉంది" అని అందించాడు.

"నాకో పాట అంకితమిచ్చావుగా. నీ గిటారు తియ్యి. ఇద్దరం వాయిద్దాం."

వెస్లీకి ప్రాణం లేచొచ్చింది. మాస్టారితో కలిసి వాయించి ఎన్నేళ్ళయింది! ఆ సంబరంలో తనదీ ఒకసారి సరిచూసుకుని, ఆల్బమ్‌లో వాయించినట్టే జోరుగా ఎత్తుకున్నాడు.

మాస్టారు కండువా కిందినుంచి ఎడంచెయ్యి బయటికి తీశారు.

వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా వాచి ఉన్నాయి. వెస్లీ వాయిస్తూనే చూశాడు. ఆ చెయ్యి తీగల మీదికి వెళ్ళింది. మొదటి వరస ఎలాగో నడిచింది. రెండో వరసలో తీగ మోగలేదు, చెక్క మీద కొట్టినట్టు టక్కుమంది. మాస్టారు ఆగి మళ్ళీ పట్టారు. మళ్ళీ టక్కుమంది. వెస్లీ జోరు తగ్గించాడు. అయినా అందలేదు.

"కొంచెం గట్టిగా నొక్కండి మాస్టారూ" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

మాస్టారు నొక్కారు. నొసలు ముడుచుకున్నాయి, పెదవి బిగుసుకుంది. శబ్దం మాత్రం రాలేదు.

వెస్లీ వాయించడం ఆపేశాడు. ఎక్కడ చూడాలో పాలుపోలేదు. "తీగలు తుప్పు పట్టాయండీ. రేపు కొత్తవి తెచ్చేస్తాను" అన్నాడు.

మాస్టారు గిటారు తలవైపు చెయ్యి పోనిచ్చి, మొదటి మర తిప్పారు. కిర్రుమంటూ తీగ దిగింది. పచ్చలైటు ఎర్రబడింది.

"అయ్యో, దిగిపోతోంది మాస్టారూ!" వెస్లీ చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. మాస్టారు మోచేత్తో ఆ చేతిని మెల్లిగా పక్కకు నెట్టారు. రెండో తీగ దించారు. మూడోది దించారు. తొందరేం లేదు ఆయనకు. అన్నీ దించాక, తలకున్న క్లిప్పు తీసి వెస్లీ ఒళ్ళో పెట్టారు.

అప్పుడు వాయించారు.

తీగలు అక్కడక్కడా జరజరమన్నాయి. దౌడు లేదు. గుర్రం నడకకు దిగింది. కానీ అదే గుర్రం. పెళ్ళి పందిట్లో కుర్చీల మీంచి జనాన్ని లేపిన చెయ్యి అదే. వెస్లీ చిన్నప్పుడు ఆ చేతి కోసమే ఆ ఇంటి చుట్టూ తిరిగాడు. ఇప్పుడు ఆ వాచిన వేళ్ళు వదులు తీగల మీద హాయిగా నడుస్తుంటే వాడికి ఒళ్ళు ఝల్లుమంది.

వాడూ అందుకోబోయాడు. రెండు గిటార్లూ కొట్టుకున్నాయి. బిగించినది ఒక దారి, దించినది ఒక దారి. ఛీ అనిపించేంత అపస్వరం. చటక్కున చెయ్యి తీసేశాడు. మాస్టారు తల కూడా ఎత్తకుండా తన మానాన తాను వాయించుకుంటూ పోతున్నారు.

వెస్లీ తన గిటారు మరల వైపు చూశాడు. ఒళ్ళో ఉన్న క్లిప్పు వైపు చూశాడు. కాసేపటికి ఆ క్లిప్పు తీసి జేబులో పడేశాడు. మాస్టారి గిటారు వైపు చెవి ఒగ్గి, తన తీగలు ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చాడు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి వాయించారు, పాట ఆఖరిదాకా.

"ఇన్నాళ్ళూ..." అన్నాడు వెస్లీ. "నేను బిగించి వెళ్ళినప్పుడల్లా..."

"నువ్వు వెళ్ళాక దించుకునేవాణ్ణి."

"ఒక్క మాట చెప్పొచ్చుగా మాస్టారూ! కొత్త మరలు కూడా తెచ్చి బిగించానే! ఎంత నొప్పి పెట్టి ఉంటుంది!"

"అంత ప్రేమగా బిగిస్తుంటే ఏం చెప్పనురా?"

వెస్లీ తల దించుకున్నాడు. అక్క కూడా అదే మాట అంది కదా, బాగుందిరా, చాలా బాగుంది అని.

మాస్టారు ఎడంచెయ్యి మళ్ళీ కండువా కిందికి పెట్టుకున్నారు.

"నీ శ్రుతి తప్పని కాదురా. నాకు అందలేదు, అంతే."

లడ్డూలు సగం తీసుకుని, మిగతా పొట్లం వాడి చేతిలో పెట్టి, "ఇవి సలోమికి" అన్నారు.

వెస్లీ అక్క ఇల్లు చేరేసరికి ఎండ చల్లబడింది. అక్క పెరటి మెట్టు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. వీణ్ణి, వీడి భుజాన గిటారునీ చూసి, పంపు వైపు ఒక చూపు చూసింది. వెస్లీ అది గమనించాడు. పొట్లం పక్కన పెట్టి, కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"మాస్టారు పంపించారక్కా."

"ఎలా ఉన్నార్రా ఆయన?"

"చేతివేళ్ళు బాగా వాచిపోయాయి."

"ఎప్పట్నుంచో వాచాయిగా" అంది అక్క. "నువ్వు చూళ్ళేదూ?"

వెస్లీ గిటారు ఒళ్ళోకి తీసుకుని, దించిన తీగల్ని ఇంకాస్త దించాడు.

"అదేంట్రా, అంతా వదులు చేసేస్తున్నావు? పాడైందా?"

"లేదక్కా."

మెల్లగా ఎత్తుకున్నాడు. ఘల్లుమనలేదు, ఖంగుమనలేదు. ఉయ్యాల ఊపినంత నెమ్మదిగా మొదటి వరస నడిచింది. అక్క చేతులు చింతపండులో ఆగిపోయాయి. వెస్లీ తలెత్తి చూడలేదు, చూడ్డానికి భయమేసింది. మొదటి వరసే మళ్ళీ వాయించాడు. అది కూడా అయ్యాక మళ్ళీ అదే.

మూడోసారికి వెనకనుంచి గొంతు వినిపించింది. వాడికి తెలిసిన గొంతు కాదది. బొంగురుగా, లోపల్నుంచి వచ్చింది.

"ఉప్పుగాలీ ఊపవే, మా తమ్ముణ్ణి..."

రెండో 'ఊపవే' దగ్గర పైకి లేవబోయి తెగింది. వెస్లీ చెయ్యి ఆగిపోయింది. పంపు అక్కడే ఉంది, దాని కింద గిన్నెలూ ఉన్నాయి. వాడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

అక్క లేవలేదు. చింతపండు చేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

"ఇంకొంచెం దించరా" అంది.